ఊరు లేచే వేళకు ఊళ్లోకి దిగకండి: ఉదయపు యాత్రల నిర్వాహకులకు బహిరంగ లేఖ

మారుమూల పల్లెలకు పొద్దున్నే బృందాలను తీసుకెళ్లే నిర్వాహకులకు,

నమస్కారం. మీ బృందాలకు ముందు నడిచి దారి చూపేవాళ్లం, మీరు దిగే ఊళ్లలో మీకు నీళ్లు, కూర్చునే చోటు, బండి ఆపుకొనే స్థలం చూసిపెట్టేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మీ ప్రకటనలన్నిటిలో వరస ఒకటే. చీకటితో బయల్దేరడం, పొద్దు పొడిచేసరికి ఊళ్లో ఉండటం, గంటన్నరసేపు వీధుల్లో తిరగడం, ఎండెక్కాక గట్టెక్కి ఊరిని పైనుంచి చూడటం. ఈ వరసను తిరగెయ్యమని అడుగుతున్నాం. పొద్దు పొడిచేటప్పుడు గట్టు మీద ఉండండి. ఊళ్లో పని సద్దుమణిగాక కిందికి దిగండి.

ఇది మర్యాద కోసం మాత్రమే అడుగుతున్నది కాదు. మీ బృందం ఏ దృశ్యం కోసం నిద్ర మానుకుని వస్తోందో, ఆ దృశ్యం ఆ వేళకు ఊళ్లో ఉండదు.

ముందు వెలుతురు సంగతి చూద్దాం. క్యాలెండర్లలో, ఫోన్లలో కనిపించే సూర్యోదయం వేళ అడ్డేమీ లేని చదునైన నేలకు కట్టిన లెక్క. అందమైన మారుమూల పల్లెలు చాలావరకు లోయల్లో ఉంటాయి. తూర్పున కొండ అడ్డం ఉంటే ఆ వేళకు అక్కడ ఎండ పడదు. ఎంత ఆలస్యమవుతుందో ముందే తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఊరి మధ్యన నిలబడి తూర్పుకు తిరగండి. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించండి. మీ కంటి మట్టం నుంచి మొదలుపెట్టి కొండ కొస దాకా పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ లెక్కపెట్టండి. ఒక్కో పిడికిలి సుమారు 10 డిగ్రీలు. ఉష్ణమండల ప్రాంతాల్లో సూర్యుడు గంటకు 15 డిగ్రీలకు కాస్త తక్కువగా పైకెక్కుతాడు కాబట్టి పిడికిలికి 40 నుంచి 45 నిమిషాలు వేసుకోవచ్చు. రెండు పిడికిళ్ల కొండ ఉంటే, 6 గంటలకు పొడిచిన పొద్దు ఊరి కప్పుల మీద పడేసరికి ఏడున్నర అవుతుంది. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా ఎక్కుతాడు, ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

అంటే 6 నుంచి ఏడున్నర దాకా మీ వాళ్లు ఊళ్లో చూసేది బూడిదరంగు నీడ. ఆ వెలుతురులో ఫోను తీసే ఫోటో గరుకుగా, మసకగా వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ఫ్లాష్ వేస్తారు. అది చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చిన మనిషి కళ్లల్లో పడుతుంది.

పొగమంచు లెక్క కూడా ఇలాంటిదే. ఆకాశంలో మబ్బు లేని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, వాలుల మీదుగా జారి లోయ అడుగున చేరుతుంది. ఆ గాలిలోని తేమ సన్నని నీటిబొట్లుగా మారితే అదే పొగమంచు. కాబట్టి ముందురోజు సాయంత్రం ఆకాశం తేటగా ఉండి, గాలి దాదాపు ఆగిపోయి, నేల తడిగా ఉంటే తెల్లారేసరికి లోయ నిండా మంచు ఉండే అవకాశం ఎక్కువ. రాత్రంతా మబ్బు కమ్మి ఉన్నా, గాలి గట్టిగా వీచినా ఆశ పెట్టుకోవద్దు. ఈ సంగతి బృందానికి ముందురోజు రాత్రే చెప్పండి. డబ్బు కట్టినవాళ్లకు మబ్బుల సముద్రం మాటిచ్చేసి, పొద్దున్నే ఖాళీ లోయను చూపించి, ఆ లోటు తీర్చడానికి ఊళ్లో ఇంకో గంట ఎక్కువ తిప్పడం మీలో చాలామందికి అలవాటైపోయింది.

మంచు పట్టిన రోజున ఊళ్లో ఉన్నవాడికి కనిపించేది తెల్లటి గోడ. ఎదుటి ఇల్లు కూడా ఆనదు. గట్టు మీదున్నవాడికే ఆ మంచు పైభాగం పరుపులా కనిపిస్తుంది. ఎండ తగలగానే మంచు విడిపోతుందని చాలామంది అనుకుంటారు. మొదటి అరగంటలో తరచూ దానికి ఉల్టా జరుగుతుంది. నేల కాస్త వేడెక్కి, గాలి కదిలి, ఆకుల మీది తడి ఆవిరై మంచు ఇంకా చిక్కబడుతుంది, పైకి లేస్తుంది, ఒక్కోసారి గట్టును కూడా మింగేస్తుంది. ఇక చూసేదేముందని బృందాలు దిగిపోయేది సరిగ్గా అప్పుడే. ఇంకో అరగంట, ముప్పావుగంట ఓపిక పడితే మంచు పేలికలు పేలికలుగా చిరిగి, ఒక్కో కప్పూ, ఒక్కో చెట్టూ బయటపడుతుంది. మీ ప్రకటనల్లో వాడుకునే ఫోటో ఆ నిమిషాలది.

గట్టు ఎంచుకోవడంలో ఒక మెలకువ. ఊరికి పడమటి గట్టు మీద నిలబడితే ఎండ నేరుగా కళ్లల్లో పడుతుంది, లోయ నల్లగా కనిపిస్తుంది. తూర్పు గట్టు మీదైతే ఎండ వీపు వెనక ఉంటుంది, మంచు చప్పగా, లోతు లేకుండా వస్తుంది. ఊరికి ఉత్తరానో దక్షిణానో ఉన్న గట్టయితే ఎండ పక్కనుంచి పడుతుంది, మంచులోని మడతలన్నీ తెలుస్తాయి. అలాంటి గట్టు ఊరికి కిలోమీటరున్నర దూరంలో ఉన్నా సరే, అర కిలోమీటరు దూరంలోని పడమటి గట్టుకన్నా మేలే.

ఇక ఊరి సంగతి. తెల్లవారుజాము నుంచి ఎనిమిదింటి దాకా పల్లెలో రోజు మొత్తంలో కెల్లా పని ఒత్తిడి ఎక్కువ. నీళ్లు, పశువులు, పొయ్యి, పిల్లల బడి, పొలానికి వెళ్లే మనుషులు, స్నానాలు అన్నీ ఆ రెండు మూడు గంటల్లోనే. బయటివాడికి ప్రశాంతంగా కనిపించే వీధి ఆ వేళ ఊరి వంటగది, ఊరి స్నానాలగది కూడా.

పాలు పితకడమే తీసుకోండి. దూడను వదిలాకో, పొదుగు కడిగి నిమిరాకో ఆవు చేపుతుంది, అంటే పాలు కిందికి దించుతుంది. ఆ చేపు నిలిచేది ఐదారు నిమిషాలు, మహా అయితే ఇంకో రెండు. ఆ సమయంలో కొత్త మనుషులు ఒక్కసారిగా కొట్టం ముందుకొచ్చి నిలబడితే, కుక్క అరిస్తే, ఫ్లాష్ వెలిగితే పశువు బెదురుతుంది. బెదిరిన పశువు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ చేపును ఆపేస్తుంది. పాలు పొదుగులోనే ఉండిపోతాయి. పితికేవాళ్లు ఎంత లాగినా రావు. ఆ పూట పాలు తగ్గడంతో పోదు, పొదుగులో మిగిలిపోయిన పాలవల్ల వాపు వచ్చే ప్రమాదం కూడా ఉంది. మీ బృందంలో ఒకరు తీసుకున్న పదిహేను సెకన్ల వీడియోకు ఒక ఇల్లు పెట్టిన ఖర్చు ఇది. ఆ ఇంటివాళ్లు మీకు చెప్పరు. వచ్చినవాళ్లను మొహం మీద అనలేరు కదా.

శబ్దం గురించి మీరు ఊహించని విషయం ఒకటుంది. చల్లటి గాలి కింద, వెచ్చటి గాలి పైన ఉన్న ఉదయాల్లో శబ్దం పైకి పోయి కలిసిపోకుండా కిందికి వంగుతుంది. మధ్యాహ్నం వంద అడుగులు దాటని మాట, ఆ వేళ లోయంతా వినిపిస్తుంది. అందుకే గట్టు మీద కూడా స్పీకరులో పాట పెట్టొద్దంటున్నాం. బస్సు ఇంజిను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని డ్రైవరు పడుకోవడం, వెనక్కి తిప్పేటప్పుడు మోగే బీప్ బీప్ శబ్దం, అందరూ ఎక్కారా అని కొట్టే హారన్, ఈ మూడూ ఊరినంతా లేపుతాయి. పొయ్యిల పొగ కూడా పైనున్న ఆ వెచ్చటి గాలి మూత కిందే చిక్కుకుని కప్పుల మీద పలచని తెరలా నిలుస్తుంది. ఫోటోలో అందంగా ఉంటుంది, నిజమే. పొగ చాల్లేదు, ఇంకాస్త రాజెయ్యమని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆ తెర కింద దగ్గుతూ వండుతున్న మనిషి ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ మాట నోట రాదు.

మరి వేళలు ఎలా వేసుకోవాలి? పొద్దు 6 గంటలకు పొడుస్తుందనుకుందాం. దానికి అరగంట ముందు, అంటే ఐదున్నరకు గట్టు మీద ఉండాలి. ఎందుకంటే సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి వచ్చినప్పటి నుంచే మసక వెలుతురు మొదలవుతుంది. ఉష్ణమండలంలో అది పొద్దుపొడుపుకు 22 నుంచి 25 నిమిషాల ముందు. రంగులు ఎక్కువగా మారేది అప్పుడే. ఇక నడక లెక్క. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు 5 కిలోమీటర్లు, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఒక గంట. కిలోమీటరున్నర దూరం, 120 మీటర్ల ఎత్తు ఉన్న గట్టుకు 18 నిమిషాలు, 12 నిమిషాలు, మొత్తం అరగంట. కానీ ఆ సూత్రం అలవాటున్న ఒంటరి మనిషికి. చీకట్లో, కొత్తవాళ్లతో, గుంపుగా నడిచేటప్పుడు ఒకటిన్నర రెట్లు వేసుకోండి. ముప్పావుగంట. బూట్ల తాడు ఊడినవాడికి, మధ్యలో ఊపిరి తీసుకోవాల్సినవాడికి ఇంకో పది నిమిషాలు. అంటే 4 గంటల 35 నిమిషాలకు అడుగు పడాలి. ఇదే గట్టు 4 కిలోమీటర్లు, 300 మీటర్లయితే సూత్రం ప్రకారం 78 నిమిషాలు, గుంపుకు దాదాపు 2 గంటలు. మూడున్నరకు ముందే నడక మొదలుపెట్టాలి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న బృందానికి అది పనికిరాదు, వేరే గట్టు చూసుకోండి.

ఐదున్నర నుంచి ఏడూముప్పావు దాకా గట్టు మీదే. ఫలహారం అక్కడే, మీరు తెచ్చుకున్నదే. దిగుడుకు ఎక్కుడంత సమయమే వేసుకోండి. దిగడం తేలికని అందరూ తొందరపడతారు గానీ, వాలు 12 డిగ్రీలు దాటితే దిగేవేగం తగ్గుతుంది, పైగా ఆ వేళకు రాళ్ల మీద, గడ్డి మీద మంచు తడి ఇంకా ఆరదు. మడమలు మెలిపడేది, జారి కూర్చునేది ఎక్కువగా దిగేటప్పుడే. అరిగిపోయిన అడుగున్న బూట్లు ఉన్నవాళ్లను బస్సు దగ్గరే గుర్తుపట్టి, వాళ్లను దారి చూపే మనిషికి వెంటనే వెనక నడిపించండి. ఎనిమిదిన్నరకు ఊరి పొలిమేర. పిల్లలు బడికెళ్లిపోయి ఉంటారు, పశువుల పని అయిపోయి ఉంటుంది, ఎండ కప్పుల మీద పడి ఉంటుంది, వాకిట్లో కూర్చున్న పెద్దవాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది. పావు తక్కువ పదింటికి బయటపడండి. ఊళ్లో గంటా పావు చాలు. కోతల రోజుల్లో ఈ వేళలు మారతాయి. అప్పుడు ఊరివాళ్లు చెప్పిందే వేళ.

నడకలో దీపాల గురించి కొంచెం. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి వెలుగు కళ్లల్లో పడితే ఆ అలవాటు పోయి మళ్లీ మొదటికి వస్తుంది. ముప్పైమంది ముప్పై తలదీపాలు వేసుకుని ఒకరి మొహంలో ఒకరు కొట్టుకుంటూ నడిస్తే ఎవరికీ దారి కనిపించదు. చదునైన దారిలో ముందున్నవారికి, చివరున్నవారికి తెల్ల దీపం చాలు. మిగతావాళ్లు ఎర్ర దీపం పెట్టుకుని పాదాల ముందుకు వంచుకోవాలి. పక్కన లోయ ఉన్న చోట, తడిరాళ్ల మీద మాత్రం ఈ నియమం పక్కన పెట్టి అందరూ తెల్లదే వేసుకోండి.

కెమెరాలు మబ్బు పట్టడం గురించి ప్రతిసారీ అడుగుతారు కాబట్టి చెప్తున్నాం. ఏసీ బస్సులోంచి చల్లబడిన లెన్సును తేమ ఎక్కువున్న గాలిలోకి తీస్తే దాని మీద తడి పేరుకుంటుంది. తుడిచినా మళ్లీ వస్తుంది. కెమెరాను మూత బిగించిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దిగాక 20 నిమిషాలు సంచిలోనే ఉంచితే చాలు. నడక మొత్తం సంచిలోనే ఉంటుంది కాబట్టి విడిగా ఆగనక్కర్లేదు.

ఇప్పుడు ఎవరూ ప్రకటనలో రాయని విషయం, మరుగుదొడ్డి. ఊళ్లో మీకు ఇచ్చేది సాధారణంగా ఒక ఇంటి మరుగుదొడ్డి. మనిషికి 3 నిమిషాలు వేసుకున్నా 40 మందికి 2 గంటలు. మీరు ఊళ్లో ఉండేదే గంటా పావు. మనిషికి 8 లీటర్ల నీళ్లనుకుంటే 320 లీటర్లు. 15 లీటర్ల బిందెతో మోస్తే 22 బిందెలు. కుళాయి లేని ఊళ్లో ఆ నీళ్లు ఎవరి తల మీదో వస్తాయి. మీరు వెళ్లిపోయాక ఆ ఇంట్లో సాయంత్రానికి నీళ్లుండవు. దీనికి మార్గం సులువే. ఊరికి 30, 40 నిమిషాల ముందు దారిలో ఎక్కడ మంచి మరుగుదొడ్లు ఉన్నాయో చూసుకుని అక్కడ 20 నిమిషాలు ఆపండి. కావాలా అని అడగకండి, అందరినీ దింపండి. అడిగితే సగంమంది వద్దంటారు, పదినిమిషాల్లో వాళ్లకే అవసరం పడుతుంది. నీళ్లు 20 లీటర్ల డబ్బాల్లో బస్సులోనే తెచ్చుకోండి. గట్టు మీద అవసరం పడితే నీటి వనరుకు, దారికి కనీసం 60 మీటర్ల దూరంలో, జాన లోతు గుంట తవ్వి, పూడ్చాలి. కాగితం మాత్రం పూడ్చకుండా సంచిలో వెనక్కి తేవాలి. ఊటకు ఎగువన అసలు వద్దు. ఊళ్లు తాగే నీళ్లు చాలాచోట్ల ఆ వాలులోంచే వస్తాయి.

బృందం ఎంతుండాలి అంటే, మా లెక్క ఇది. గొంతు పెంచకుండా చెప్పిన మాట అందరికీ వినపడాలంటే 12 మందికి మించకూడదు. 40 మంది మనిషికి మనిషికి ఒకటిన్నర మీటరు ఎడంతో నడిస్తే 60 మీటర్ల వరస. చిన్న ఊళ్లో వీధి పొడవే అంత ఉండదు. ముందున్నవాడు ఒక చివర బయటికి వస్తుంటే వెనకున్నవాడు ఇంకా లోపలికి వస్తుంటాడు. మధ్యలో ఇంటివాళ్లు బిందెతో నిలబడి దారి కోసం చూస్తుంటారు. ఆ వేళ ఊళ్లో ఉన్న మనుషుల్లో పదో వంతును మించి బయటివాళ్లు ఒకేసారి ఉండకూడదని కూడా పెట్టుకోండి. 120 మంది ఉన్న ఊరికి 12 మంది. 40 మంది వస్తే నాలుగు జట్లుగా విడదీసి, ఒక జట్టు ఊళ్లో ఉంటే మిగతావి గట్టు మీదో, చెరువు దగ్గరో ఉండేలా చూడండి. ఒక్కో జట్టుకు 30 నిమిషాలు. అప్పుడు ఆఖరి జట్టు బయటపడేసరికి పైన చెప్పిన గంటా పావు దాటి 2 గంటలవుతుంది. కష్టమే, కానీ బస్సు నిండా ఎక్కించుకున్నది మీరు.

లెక్క పెట్టుకోకపోతే ఏమవుతుందో ప్రపంచంలో చూడని చోటు లేదు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ అనే ఊరి జనాభా 700, 800 మధ్య. రద్దీ రోజుల్లో అక్కడికి 10,000 మంది దాకా వచ్చేవాళ్లు. 2020లో టూరిస్టు బస్సులకు ముందుగా వేళ కేటాయించే పద్ధతి తెచ్చారు. 2023లో విసిగిపోయి, అందరూ సెల్ఫీలు తీసుకునే చోట చెక్కల అడ్డుగోడ కూడా కట్టి, విమర్శలొచ్చాక తీసేశారు. జపాన్‌లోని షిరకావాగో ఊరు 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ శీతాకాలంలో ఇళ్లకు దీపాలు వెలిగించే సాయంత్రాలకు జనం తట్టుకోలేక 2019 నుంచి ముందస్తు నమోదు ఉంటేనే రానిస్తున్నారు. రెండు చోట్లా చివరికి తేలింది ఒకటే: వాహనాలను, వేళలను లెక్కపెట్టాలి. బోర్డులు పెట్టడంవల్ల ఏమీ కాలేదు.

బస్సు గురించి కూడా ఆ కోవలోనే. 12 మీటర్ల బస్సు ఒక్క ఊపులో తిరగాలంటే 21 నుంచి 24 మీటర్ల వ్యాసం ఉన్న ఖాళీ స్థలం కావాలి. పల్లెల్లో అంత జాగా ఉండేది కళ్లమో, బడి ఆవరణో. వాటిలో తిప్పడానికి ఎవరినీ అడగరు. తిప్పలేక ముందుకు వెనక్కి ఆడించేటప్పుడు మురుగుకాలువ అంచు, ప్రహరీ మూల విరుగుతాయి. ఊరికి 500 మీటర్ల నుంచి కిలోమీటరు ముందే విశాలమైన చోటు చూసుకుని ఆపండి. చక్రాలు పొలంగట్టు మీద ఎక్కించకండి.

ఫోటోల విషయంలో మీ బృందాలకు చెప్పే మాట ఒక్కటి మార్చండి. తీశాక చూపించమని చెప్తున్నారు, తీసేముందు అడగమని చెప్పండి. కెమెరా ఎత్తకముందు కళ్లతో కళ్లు కలిపి, చేత్తో చూపించి అడగొచ్చు, భాష రాకపోయినా పర్వాలేదు. తల తిప్పుకున్నా, నవ్వి లోపలికి వెళ్లిపోయినా అది వద్దనడమే. వంద మీటర్ల దూరంనుంచి పెద్ద లెన్సుతో తీసినా దగ్గరికొచ్చి తీసినట్టే. స్నానం చేసేచోటు, నిద్రపోతున్న మనిషి, ఇంటి గుమ్మం లోపలి భాగం, ఇవి అడగడానికి కూడా వీల్లేనివి. పిల్లల ఫోటోకు పిల్లల ఒప్పుదల చాలదు, ఇంటి పెద్దల మాట కావాలి. పంపిస్తామని చెప్పిన ఫోటోలు నూటికి తొంభై తొమ్మిది పంపరు, ఇది ప్రతి ఊళ్లోనూ వినే మాట. దీనికి నిర్వాహకుడే బాధ్యత తీసుకోవాలి. బృందంలో ఒకరికి ఆ పని అప్పజెప్పి, నెలలోపు అచ్చు వేయించి, ఊళ్లో మీకు సాయపడ్డ మనిషి చేతికి అందేలా చూడండి. సామాజిక మాధ్యమాల్లో పెట్టేటప్పుడు కచ్చితమైన స్థానం గుర్తు తీసేసి, ప్రాంతం పేరు వరకే ఉంచండి. ఒక్క గుర్తు చాలు, వచ్చే ఆదివారం లెక్కలేని బండ్లు వస్తాయి.

డ్రోన్ల గురించి మాకు మీతో బేరం లేదు. అనుమతి ఉన్నా ఊరి మీద వద్దు. పశువులు తాళ్లు తెంపుకుంటాయి. దక్షిణ ఆసియా, ఆగ్నేయాసియా కొండల్లో అయితే రాతి అంచులకు, పెద్ద చెట్లకు వేలాడే కొండతేనెటీగల పట్టులుంటాయి. వాటి దగ్గరికి డ్రోన్ పోయినా, పొగ పెట్టినా, గట్టి సెంటు వాసన తగిలినా గుంపుగా మీదపడతాయి. అలా జరిగితే చేతులతో కొట్టకుండా, మొహం కప్పుకుని, వీలైనంత వేగంగా దూరం పోవాలి. నీళ్లలో మునగొద్దు, అవి పైనే కాచుకుంటాయి. ముల్లును గోటితో గీకినా, లాగినా తేడా లేదు, తొందరగా తీయడమే ముఖ్యం. ఊపిరి ఆడకపోయినా, పెదవులు, నాలుక వాచినా ఆగకుండా ఆసుపత్రికి.

కుక్కలు ఊరి పొలిమేరలోనే మొరుగుతాయి. ఊరి మనిషి ముందు నడిస్తే చాలావరకు ఊరుకుంటాయి. పరుగెత్తకూడదు, కళ్లల్లోకి చూడకూడదు, రాయి ఎత్తినట్టు వంగకూడదు. కరిస్తే గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసుకుని కడగాలి. రేబిస్ ఉన్న దేశాల్లో ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. చిన్న గీతే కదా అని ప్రయాణం పూర్తి చేసుకుని వెళ్తామంటే ఒప్పుకోకండి. అందుకే బయల్దేరకముందే దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో, అక్కడ రేబిస్ టీకా ఉందో లేదో ఫోనులో కనుక్కోవాలి. దారిలో సిగ్నల్ ఎక్కడ పోతుందో, ఎక్కడ మళ్లీ వస్తుందో రాసిపెట్టుకోవాలి. ఎవరైనా దెబ్బ తగిలి ఆగిపోతే వాళ్లతో ఒకరు ఉండి, ఇద్దరు సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లాలి. ఒక్కణ్ని పంపితే వాడికేమైనా అయితే తెలిసే దారి లేదు.

చెత్త గురించి చెప్పీ చెప్పీ అందరూ విసిగిపోయారు, కాబట్టి లెక్క ఒక్కటే చెప్తాం. 40 మంది మనిషికి రెండు లీటరు సీసాలు తెచ్చుకుంటే 80 సీసాలు. నలిపినా రెండు పెద్ద గోనెసంచులు నిండుతాయి. మారుమూల ఊళ్లకు చెత్తబండి రాదు. ఊళ్లో డబ్బాలో వేసిన చెత్త చివరికి ఊరి చివర తగలబెట్టడమే. కాబట్టి డబ్బాలో వేసినా పారేసినట్టే. సంచులు బస్సులో తెచ్చుకోండి, నిండినవి బస్సులోనే వెనక్కి పోవాలి.

పిల్లలకు నాణేలు, మిఠాయిలు ఇవ్వొద్దు. వారానికి రెండు బృందాలు ఇస్తే మూడో వారానికి బడి వేళకు పిల్లలు బస్సు ఆగే చోట ఉంటారు. ఇవ్వాలనుకున్న డబ్బును పనికి కూలీగా ఇవ్వండి: దారి చూపినందుకు, నీళ్లు తెచ్చినందుకు, మరుగుదొడ్డి కడిగినందుకు, బండి ఆపుకోవడానికి జాగా ఇచ్చినందుకు. ఎవరికి ఎంతో ముందే మాట్లాడుకుని, అందరూ చూస్తుండగా ఇవ్వండి. చాటుగా ఒకరికి ఎక్కువ ముట్టిందని తెలిస్తే మీరు వెళ్లాక ఊళ్లో తగువు మిగులుతుంది.

చివరిగా మీరు రావడానికి ముందు చేయాల్సింది. ఒక్కసారి నిర్వాహకుడు ఒంటరిగా, అదే వేళకు, అదే దారిలో నడిచి చూడాలి. గడియారం పెట్టి నడవాలి, పిడికిలి లెక్క వేయాలి, బస్సు తిరిగే చోటు అడుగులతో కొలవాలి. ఆ తర్వాత రావడానికి రెండు రోజుల ముందు ఊళ్లోని మీ మనిషికి ఫోను చేసి ఈ వివరాలు చెప్పండి: ఎంతమంది, ఎన్ని జట్లు, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఊళ్లోకి ఎన్నింటికి, బయటికి ఎన్నింటికి. ఆ రోజు ఊళ్లో పెళ్లో చావో ఉందేమో అడగండి. ఉంటే గట్టు వరకే వచ్చి వెళ్లిపోండి. ప్రయాణం రద్దయితే ముందురోజు చీకటి పడకముందే చెప్పండి. పొద్దున చెప్తే అప్పటికే మీకోసం నీళ్లు తోడి ఉంటారు, ఒకరు పొలం పని మానుకుని పొలిమేరలో నిలబడి ఉంటారు.

ఇట్లు,
గట్టు దారుల్లో మీ బృందాలకు ముందు నడిచేవాళ్లం, మీరు దిగే ఊళ్లలో మీకోసం ఎదురుచూసేవాళ్లం